గ్రహణం చూసిన ఫిల్మ్

డాక్టర్ వల్సల గదికి కిటికీ ఉంది గాని, దాన్ని తెరిచి పదిహేడేళ్లయింది. పయ్యన్నూరు బస్టాండు వెనకాల ఉన్న స్కాన్ సెంటర్లో ఆవిడ ఉద్యోగమంతా చీకట్లోనే. ఎదురుగా రెండు తెరలు, చేతికింద మౌసు, పక్కన చల్లారిపోయిన పాలు లేని టీ. తలుపు మీద మాత్రం ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది: "పాత ఫిల్ములు తేనివారు లోపలికి రావద్దు." ఆ బోర్డంటే ఊళ్లో రోగులకే కాదు, డాక్టర్లకీ హడలే. పాత ఫిల్మ్ పంపడం మరిచిపోయిన పెద్ద పెద్ద సర్జన్లని కూడా ఫోన్లో నిలబెట్టి కడిగేసేది. "పోయిన ఏడాది ఎలా ఉందో తెలీకుండా ఈ ఏడాది ఎలా ఉందో నేనేం చెప్పను? సోదె చెప్పేదాన్నా నేను?" అని ఆవిడ వాదన. వాదన సరైందే. కాకపోతే ఎదుటివాళ్లకి చెప్పే నీతి తన దగ్గరికొచ్చేసరికి కాస్త వదులవుతుంది. అందరికీ ఉన్న జబ్బే అది.

ఆ మంగళవారం పొద్దున తెర మీద ఉన్నది కార్త్యాయని లివర్. ఆమెకి యాభై ఏడేళ్లు, పక్క ఊరి వాయనశాలలో, అంటే గ్రంథాలయంలో, లైబ్రేరియన్. పెద్దపేగులో గడ్డ ఉందనీ, అది క్యాన్సరనీ అప్పటికే తేలిపోయింది. గురువారం కణ్ణూరులో ఆపరేషన్ పెట్టారు. గడ్డ పేగు దాటకపోతే కోసి తీసేస్తారు, మనిషి బతికి బట్టకడుతుంది. లివర్లో రెండు పక్కలా పాకి ఉంటే మాత్రం కోత దండగ. మందులిస్తూ ఉన్నన్నాళ్లు నెట్టుకురావడమే. ఆ రెంటిలో ఏదో తేల్చి రాయాల్సింది వల్సల.

"ఎన్ని మేడమ్?" అంది మెషీను నడిపే షైని, వెనక నుంచి తొంగి చూస్తూ.

"ఏడు. కుడివైపు అయిదు, ఎడమవైపు రెండు."

బఠాణీ గింజలంత నల్లమచ్చలు. ఏవో చెప్పడానికి మరీ చిన్నవి. చిన్నవైనప్పుడు పాతదానితో పోల్చి చూడటమొక్కటే దారి. ఆవిడ ఫైలు తిరగేసింది. తొమ్మిదేళ్ల కిందటి రిపోర్టు ఒకటి కనిపించింది. కడుపునొప్పికి ఇదే సెంటర్లో తీసిన స్కాన్. లివర్ మామూలుగా ఉంది అని రాసి ఉంది. కింద వల్సల సంతకం.

వేరేవాళ్ల రిపోర్టయితే "ఫిల్మేదీ?" అని అరిచేదే. తన సంతకం చూసి అరవలేదు. అప్పుడు లేనివి ఇప్పుడున్నాయంటే మధ్యలో వచ్చినట్టే గదా. క్యాన్సర్ లివర్లోకి పాకింది అని రాసి, పదకొండింటికల్లా కణ్ణూరు సర్జన్ ఇక్బాల్ ఫోన్‌కి పంపేసింది.

తలుపు తోసుకుని కార్త్యాయని తమ్ముడు పవిత్రన్ వచ్చాడు. పంచె పైకి మడిచి కట్టాడు, చంకలో గొడుగు. రిపోర్టు విని తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"డాక్టర్ గారూ, మా చేచికి, అదే మా అక్కకి, ఒక్క ముక్క కూడా తెలియకూడదు. పైల్సని చెప్పి తీసుకొచ్చాం."

"పైల్సుకి సీటీ స్కాన్ ఎవరు తీస్తారయ్యా?"

"ఈమధ్య అన్నిటికీ తీస్తున్నారని చెప్పా. నమ్మేసింది. చదువుకున్నదే గాని, అమాయకురాలు."

బయట బల్ల మీద కార్త్యాయని తల వంచుకుని ఏదో పుస్తకం చదువుకుంటోంది. వీళ్లు బయటికొచ్చినా తల ఎత్తలేదు. పవిత్రన్ రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, మొహానికి లేని నవ్వు పులుముకుని అక్కని ఆటో ఎక్కించాడు.

మధ్యాహ్నం వల్సల ఒక చేత్తో చేపల కూరా అన్నం తింటూ, రెండో చేత్తో కార్త్యాయని స్కాన్‌ని ఊరికే కిందికీ పైకీ తిప్పుతోంది. అది అలవాటు. లివర్ కింద మూడు తెల్లటి చుక్కలు తళుక్కుమన్నాయి. లోహపు క్లిప్పులు. గాల్ బ్లాడర్ తీసేసిన చోట రక్తనాళాలకి వేసేవి. గాల్ బ్లాడర్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"షైనీ, ఈవిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిందా?"

"ఫారంలో రాసింది మేడమ్. రాళ్లుంటే తీసేశారట. రెండువేల ఆరులో."

వల్సల ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. ముద్ద కంచంలో పడేసి, ఎడమచేత్తో పాత రిపోర్టు లాగి చూసింది. తారీఖు రెండువేల పధ్నాలుగు. లివర్ మామూలుగా ఉంది. ఆ కిందే ఇంకో వాక్యం. గాల్ బ్లాడర్ మామూలుగా ఉంది, రాళ్లు లేవు.

తీసి పారేసి ఎనిమిదేళ్లయిన గాల్ బ్లాడర్లో రాళ్లు లేవని రాసింది తను. ఆ మాటలో అబద్ధం లేదు పాపం. కానీ చూసి రాసిన మాట కాదది.

కుర్చీ చేతులు పట్టుకుంది గాని, పట్టుకున్నట్టు తెలియలేదు. ఆ ఏడాది గుర్తొచ్చింది. రెండో డాక్టరు మానేసి వెళ్లిపోయాడు, రోజుకి నలభై స్కాన్లు. కంప్యూటర్లో అన్నీ మామూలుగా ఉన్నట్టు ఒక రిపోర్టు తయారుగా ఉండేది. అడిగిన ఒక్క అవయవం చూసి, ఆ ఒక్క వాక్యం మార్చి, పేరూ వయసూ వేసి సంతకం గీకేది. కార్త్యాయనికి ఆ రోజు అడిగింది అపెండిక్స్ గురించి. అపెండిక్స్ చూసింది. మిగతాదంతా కంప్యూటర్ రాసింది. అంటే ఆ రోజు లివర్‌ని తను చూడనే లేదు. ఆ ఏడు మచ్చలు అప్పుడూ ఉండి ఉండవచ్చు. తొమ్మిదేళ్లుగా కదలకుండా పడి ఉన్నవి క్యాన్సర్ కావు, పుట్టుమచ్చల్లాంటివి.

"మేడమ్, నీళ్లు కావాలా?" అంది షైని భయపడి.

"పాత బొమ్మలు కంప్యూటర్లో ఉన్నాయా చూడు."

"మూడేళ్లకి మించి దాచం కదా మేడమ్. మీరే వద్దన్నారు, నిండిపోతోందని."

కూర వాసన చేత్తోనే ఇక్బాల్‌కి ఫోన్ చేసింది.

"మేడమ్, ఆపరేషన్ ఆపేశామని ఇప్పుడే ఆ తమ్ముడికి చెప్పా," అన్నాడు ఇక్బాల్.

"ఆపకు. పొద్దున నేను రాసింది తప్పు కావచ్చు."

"మీరేగా రాసింది?"

"నేనే. పొద్దున రాసింది నా పాత రిపోర్టు చూసి. ఆ పాత రిపోర్టు లివర్‌ని చూడకుండా రాసింది."

పోయిన నెలే అతన్ని పాత ఫిల్మ్ పంపలేదని చెడామడా తిట్టింది. అతనికది గుర్తుండే ఉంటుంది. కానీ ఆ ఊసెత్తలేదు, మంచివాడు.

"ఎంఆర్ఐ తీద్దామంటే ఆవిడకి గుండెలో పాతకాలం పేస్‌మేకర్ ఉంది, కుదరదు," అన్నాడు. "సూదితో ముక్క తీద్దామన్నా..."

"లోతుగా ఉన్నాయి, సూదికి అందవు."

"మరైతే ఫిల్మ్ చూపించండి మేడమ్. తొమ్మిదేళ్ల కిందట కూడా ఏడూ ఉన్నాయని చూపిస్తే కత్తి పడతా. ఆరు చూపించినా పట్టను. ఏడోది కొత్తదైతే? రేపు పొద్దున్నదాకా ఆ గురువారం ఆపరేషన్ టైము ఇంకెవరికీ ఇవ్వను."

ఆ తర్వాత పవిత్రన్‌కి చేసింది.

"పాత ఫిల్మా? ఇంట్లో అలాంటిదేం లేదండీ. ఎప్పుడో పోయుంటుంది."

"మీ అక్కని అడుగు."

"అమ్మో! అడిగితే ఎందుకంటుంది. ఎందుకో చెబితే గుండె ఆగి చస్తుంది. మీరు నన్ను నరికినా అడగను."

వల్సల ఫోన్ పెట్టేసి, చెయ్యి కడుక్కుని, చిత్తుకాగితం మీద లివర్ బొమ్మ గీసి ఏడు చుక్కలు పెట్టి నంబర్లు వేసుకుంది. ఆటో పిలవమంది. పదిహేడేళ్లలో ఆవిడ పనివేళలో బయటికెళ్లడం షైని చూడలేదు.

వాయనశాల నాలుగింటికి తెరుస్తారు. వరండాలో నలుగురు క్యారమ్స్ ఆడుతున్నారు, లోపల ఇద్దరు ముసలాళ్లు పేపరు పంచుకుని చదువుతున్నారు. ముందే వచ్చి కాపు కాస్తున్న పవిత్రన్ ఆటోకి అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు.

"మీరెందుకొచ్చారు డాక్టర్ గారూ! మిమ్మల్ని చూస్తేనే అనుమానం వస్తుంది!"

"పక్కకి తప్పుకో," అంది వల్సల.

కార్త్యాయని బల్ల వెనక కూర్చుని చిరిగిన అట్టకి జిగురు రాస్తోంది. బక్కపలచని మనిషి, ముక్కు చివర కళ్లజోడు. పుస్తకంలో పేజీ మూల మడిచినవాడి చెవి మడతపెట్టే మనిషని ఆ చుట్టుపక్కల పేరు. వల్సలని చూసి జిగురు కుంచె పక్కన పెట్టింది.

"రండి, కూర్చోండి. పైల్సుకి గుండె డాక్టరూ, కోత డాక్టరూ, ఫోటో డాక్టరూ ముగ్గురా! మహారాజుకి కూడా ఇంత వైభవం ఉండదు."

"చేచీ, అదేం లేదు, ఊరికే ఇటు వెళ్తూ..." అన్నాడు పవిత్రన్.

"నువ్వు నోరు మూసుకో. బయాప్సీ కాగితం చొక్కా జేబులో పెట్టి ఉతకడానికి వేశావు. ఎవరు ఉతుకుతారనుకున్నావు, మన నాన్నా? ఎండలో ఆరబెట్టుకుని చదువుకున్నా. క్యాన్సరని నాకు పదిహేను రోజుల నుంచి తెలుసు. నువ్వు కష్టపడి దాస్తున్నావు గదా, నీ సరదా ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నా."

పవిత్రన్ అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. క్యారమ్స్ ఆట ఆగిపోయింది.

వల్సల నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు ఆవిడకి. లివర్లో ఏడు మచ్చలున్నాయని, పాకిందని పొద్దున రాశానని, ఆపరేషన్ ఆపేశారని, తొమ్మిదేళ్ల కిందట మీ లివర్ చూడకుండానే బాగుందని సంతకం పెట్టానని, ఆ సంతకాన్ని నమ్మే ఈ రోజు ఇలా రాశానని, అన్నీ చెప్పింది.

క్యాన్సర్ సంగతి తెలుసు గాని, లివర్ సంగతి కార్త్యాయనికి తెలియదు. ఆపరేషన్ రద్దయిందనీ తెలియదు. గురువారానికని సంచీ కూడా సర్దుకుంది, బల్ల కిందే ఉంది. ఆమె జిగురు డబ్బా మూత వెతికింది. దొరికాక దాన్ని చేతిలోనే పట్టుకుని అడిగింది.

"అంటే... ఇంక కొయ్యరా?"

"ఆ పాత ఫిల్మ్ దొరికితే కోస్తారు. అందులోనూ ఏడు మచ్చలుంటే. ఎక్కడుందండీ అది?"

కార్త్యాయని ఏదో చెప్పబోయి తెల్లబోయి చూసింది.

"కత్తిరించేశా," అంది. "గ్రహణం నాడు."

అంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. నాలుగేళ్ల కిందట డిసెంబరులో సూర్యుడు ఉంగరంలా కనిపించిన గ్రహణం. చూడ్డానికి అద్దాలు చాలక, వాయనశాలకొచ్చినవాళ్లందరికీ ఆమే తన రెండు ఫిల్ములూ తెచ్చి, ఇరవై ముక్కలు చేసి పంచింది.

"కళ్లు పోతాయి తెలుసా అలా చూస్తే!" అంది వల్సల, ఆ పరిస్థితిలోనూ డాక్టరు బుద్ధి పోనిచ్చుకోక.

"పోలేదుగా. ఆ తర్వాత ముక్కలన్నీ తిరిగి వసూలు చేశా. పేజీలు మడవకుండా గుర్తుకి బాగుంటాయని పుస్తకాల్లో పెట్టిచ్చా." కార్త్యాయని లేచి నిలబడింది. "ఇక్కడే ఉన్నాయండీ. ఈ బీరువాల్లోనే ఎక్కడో."

ఏడువేల పుస్తకాలున్నాయి. క్యారమ్స్ ఆడేవాళ్లు, పేపరు ముసలాళ్లు, ఎదురు టీకొట్టతను, అందరూ వచ్చి పడ్డారు. ఎవరికీ తెలియకూడదని పవిత్రన్ పదిహేను రోజులు దాచిన సంగతి పావుగంటలో ఊరంతటికీ పనైపోయింది. పుస్తకం తియ్యడం, వెన్ను పట్టుకుని దులపడం, మళ్లీ పెట్టడం. "దులపకండిరా, కుట్లు ఊడతాయి!" అని కార్త్యాయని అరుస్తూనే తనూ దులిపింది.

దొరికిన ముక్కనల్లా వల్సల పడమటి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకి ఎత్తి పట్టుకుంది. ఒక్కో ముక్కలో రెండు గళ్లు, గడికో బొమ్మ. ప్రతి గడి మూలా చీమ తలకాయంత అక్షరాల్లో కార్త్యాయని పేరు, తారీఖు, గడి నంబరు. మొదటిది వెన్నెముక. రెండోది మూత్రాశయం. మూడోది కిడ్నీలు. నాలుగోది లివర్.

చిత్తుకాగితం మీద మూడో చుక్క ఎక్కడుందో సరిగ్గా అక్కడే, అంతే నల్లగా, అంతే చిన్నగా ఉంది. పక్కనే నాలుగో చుక్క. పచ్చి నిజంలా కళ్లెదుట ఉన్నాయి. ఇదే ఫిల్మ్ తొమ్మిదేళ్ల కిందట తన చేతిలోనే ఉంది. అప్పుడు ఒక్క నిమిషం ఇలా పట్టుకుని ఉంటే చాలేది. వల్సలకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆరున్నరకి పధ్నాలుగు ముక్కలయ్యాయి. ఆరు మచ్చలు దొరికాయి. ఏడోది లివర్ నడినెత్తిన ఉండేది. అది మొదటి రెండు గళ్లలో రావాలి, ఆ ముక్కే లేదు. బీరువాలన్నీ అయిపోయాయి. ఆరు చూపించినా కత్తి పట్టనన్న మాట వల్సల చెవుల్లో మోగుతోంది. ఎండ కూడా కిటికీ దిగిపోతోంది.

కార్త్యాయని రిజిస్టరు తెరిచి, తీసుకెళ్లి తిరిగివ్వని పుస్తకాల పేజీ మీద వేలు పెట్టి కిందికి జరిపింది. వేలు ఒక చోట ఆగింది. తల ఎత్తి తమ్ముడి వైపు చూసింది.

"ఒరే పవిత్రా. గ్రహణం అయిన వారానికి సముద్రయానాల పుస్తకం పట్టుకెళ్లావు."

"చదువుతున్నా చేచీ."

"నాలుగేళ్ల నుంచా?"

ఆ పుస్తకం పవిత్రన్ తలగడ కిందే ఉంది. ఇంట్లో ఫిల్మ్ లేదని ఫోన్లో చెప్పినప్పుడు అతను ఆ తలగడనానుకునే పడుకుని ఉన్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటర్ ఎక్కాడు.

వచ్చేసరికి సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి వాలిపోతున్నాడు. పుస్తకం తెరవగానే పన్నెండో పేజీలోంచి ముక్క జారింది. వల్సల దాన్ని కిటికీ ఊచలకి ఆనించి పట్టుకుంది. గడిలో పేరు చదివింది, తారీఖు చదివింది. అప్పుడు మధ్యలోకి చూసింది.

"ఉంది," అంది. "ఏడోది కూడా ఉంది."

పవిత్రన్ అక్క కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "నేనే చంపేసేవాణ్ని చేచీ! నిన్ను అడగకుండా నేనే చంపేసేవాణ్ని!"

"ఏడవకురా. నాలుగేళ్లకి పన్నెండు పేజీలు చదివావు, దానికి ఏడువు," అంది కార్త్యాయని. బల్ల పట్టుకుని మెల్లగా కూర్చుంది.

వల్సల అక్కడే ఆ బల్ల మీదే కొత్త రిపోర్టు చేత్తో రాసింది. మొదటి వాక్యం: నా పాత రిపోర్టు లివర్‌ని చూడకుండా రాసినది, దాన్ని నమ్మవద్దు. ముక్కలన్నీ కవర్లో పెట్టుకుని, రిపోర్టు పవిత్రన్‌కి ఇవ్వబోయింది. కార్త్యాయని చెయ్యి చాపింది.

"నా కాగితం నాకివ్వండి."

రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి వల్సలని సూటిగా చూసింది. కోపంగా లేదు. అదే వల్సల తట్టుకోలేకపోయింది.

"ఆ ఏడాది నాకు రాసినట్టు ఇంకెంతమందికి రాశారు డాక్టర్ గారూ?"

వల్సల కవరు తీసుకుని లేచి, దాన్ని ఇక్బాల్‌కి చేర్చడానికి కణ్ణూరు బయల్దేరింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఇక్బాల్ ఫోన్ చేశాడు. గడ్డ మొత్తం వచ్చేసిందన్నాడు. లివర్ మీద అందిన ఒక మచ్చని కొంచెం కోసి అక్కడికక్కడే పరీక్ష చేయించానని, క్యాన్సర్ కాదని, ఆవిడకి మెలకువ రాగానే పుస్తకం అడిగిందని చెప్పి నవ్వాడు. షైని చప్పట్లు కొట్టింది. వల్సల నవ్వలేకపోయింది.

ఎదురుగా దుమ్ముకొట్టుకున్న రిజిస్టరు ఉంది. రెండువేల పధ్నాలుగుది. పొద్దుటి నుంచీ తెరిచి పెట్టుకుంది. మొదటి పేజీలో మొదటి పేరు ఎవరో భాస్కరన్, నలభై నాలుగేళ్లు, నడుంనొప్పి. ఆ రోజు అడిగింది నడుం గురించే. మిగతాదంతా మామూలుగా ఉందని రాసే ఉంటుంది. పేరు పక్కనున్న నంబరుకి చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది.

"భాస్కరన్ గారి ఇల్లేనా అమ్మా? ఆయన తొమ్మిదేళ్ల కిందట మా దగ్గర స్కాన్ తీయించుకున్నారు. ఆ ఫిల్మ్ మీ దగ్గర ఉందేమోనని."

"ఉందమ్మా, దాచాను. ఆయనే లేరు," అంది అవతలి గొంతు. "ఆ స్కాన్ తీసిన ఏడాదికే పోయారు. అందులో అంతా బాగుందనే రాశారు మరి."

ఎలా పోయారని అడగాలి. వల్సల ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. అవతల ఆ మనిషి "హలో, హలో" అంటూనే ఉంది.